కాటన్ దొర – యంత్రయుగము – మన డెల్టా

కోనసీమయందు కాటన్ దొర పేరు తెలియని యిల్లు అరుదు. ధవళేశ్వరము ఆనకట్ట కట్టించినవాడెవడని అడిగినచో బడిపిల్లవాడు కూడ తడుముకొనక చెప్పును. స్నానసంకల్పములో ఆయన పేరు కలిపి స్మరించిన పెద్దలు గోదావరి తీరమున ఉండిరని మనవారు చెప్పుకొందురు. కాని ఆనకట్ట కట్టెనను ఒక్క మాటతో ఆయన కథ ముగించుట మనకు పరిపాటి యైనది. ఆయన ఎట్టి కాలమున పుట్టెను, ఆ కాలపు విద్య మన గోదావరికి ఏ దారిని వచ్చెను, వచ్చి మన బ్రతుకులలో దేనిని పెంచెను, దేనిని పెంచక వదలివేసెను అను సంగతులు చర్చకు రావు. గ్రంథాలయమునకు వచ్చెడి పాఠకులు ఆలోచనాపరులు కనుక, ఈ రజతోత్సవ సంచికలో ఆ సంగతులను కొంత విపులముగ వ్రాయుట యుక్తమని తలంచితిమి.

ఆర్థర్ థామస్ కాటన్ 1803వ సంవత్సరము మే 15వ తేదీన ఇంగ్లండు దేశమున జన్మించెను. ఆయన పుట్టునాటికి ఆ దేశము రూపము మారుచుండెను. హార్‌గ్రీవ్స్ అనునతడు ఒకేసారి పెక్కు కదుళ్ళను త్రిప్పు వడుకుయంత్రమును, ఆర్క్‌రైట్ నీటిబలముచే నడచు యంత్రమును, కార్ట్‌రైట్ మరమగ్గమును తెచ్చిరి. జేమ్స్ వాట్ సరిదిద్దిన ఆవిరియంత్రము గనులలోను మిల్లులలోను ప్రవేశించెను. 1830లో లివర్‌పూలు, మాంచెస్టరు నగరముల మధ్య ఆవిరిబండ్లు నడువసాగెను. 1851 జనాభాలెక్కలు తీయునప్పటికి ఇంగ్లండు, వేల్సు దేశముల జనులలో సగముమంది పల్లెలు విడిచి పట్టణములలో కాపురముండిరి. అంతకుముందు ఏ పెద్ద దేశమునందును అట్లు జరిగి యెరుగము.

పారిశ్రామికీకరణమనగా పొగగొట్టములు లేచుటయే యని పలువురు తలంతురు. అది పైకి కనిపించు గుర్తు మాత్రమే. ఇంటి పంచలో కూర్చుండి ఒక్కడు చేసెడి పనిని పలువురు ఒకచోట చేరి పంచుకొని చేయవలెను. మనిషి కండబలమునకు బదులు బొగ్గును, ఆవిరిని, నీటిని వాడుకొనవలెను. తయారైన సరకు చవుకగా దూరదేశము చేరవలెను. అక్కడ దానిని కొనువారు ఉండవలెను. వీనిలో ఏ యొకటి కుంటుపడినను తక్కినవి నిలువవు. ఇంగ్లండునకు ఇవి యన్నియు ఒక్క తరములో కుదిరినవి. కొనువారు కావలసి వచ్చినప్పుడు ఆ దేశపు చూపు మన దేశముపై పడినది.

ఈ సంగతి మన ప్రాంతమునకు మిక్కిలి దగ్గరిది. అమలాపురము చేరువనున్న బండమూరులంకలో ఇంగ్లీషు కంపెనీవారి వర్తకస్థావరము ఉండెడిది. యానాము దాపున ఇంజరములోను, నరసాపురము కడనున్న మాధవాయపాలెములోను వారి కొఠీలు ఉండెడివి. గోదావరి పాయల వెంబడి నేయబడిన బట్టలు ఆ కొఠీలలో మూటలు కట్టబడి, ఓడలెక్కి సీమకు పోయెడివి. మాధవాయపాలెము పేరు మీదుగనే ఒక రకపు తెల్లబట్టకు ఇంగ్లీషు భాషలో పేరు ఏర్పడినదనిన, ఆ నేతపని ప్రతిష్ఠ ఊహింపవచ్చును. మరమగ్గము వచ్చిన పిమ్మట ఈ వర్తకము తలక్రిందులైనది. 1813లో కంపెనీవారి గుత్తహక్కు తొలగి మాంచెస్టరు బట్ట మన రేవులలో దిగజొచ్చెను. 1833 చట్టముతో కంపెనీ తన వర్తకమునే మానుకొనెను. కొనెడి కొఠీ మూతపడినది. పోటీకి వచ్చిన బట్ట చవుకైనది. నేతగాండ్రు పలువురు మగ్గము దించి కూలికి పోయిరి. అనగా పారిశ్రామికీకరణము మన డెల్టాకు మొట్టమొదట వచ్చినది ఆనకట్ట రూపమున కాదు, మగ్గములను పడగొట్టిన బట్ట రూపమున. కాటన్ చరిత్ర చెప్పువారు ఈ మాటను సాధారణముగ విడిచిపెట్టుదురు.

కాటన్ అడిస్కోంబులోని కంపెనీవారి సైనిక విద్యాలయమున చదివి, 1819లో మదరాసు ఇంజనీర్ల దళములో చేరి, 1821లో మన దేశమునకు వచ్చెను. పాంబను జలసంధిలో ఓడలదారి లోతుచేయు విషయమున కొంతకాలము పనిచేసెను. మొదటి బర్మాయుద్ధమునకు కూడ పోయి వచ్చెను. ఆయన అసలైన విద్యాభ్యాసము మాత్రము కావేరీతీరమున జరిగినదని మా యభిప్రాయము. తంజావూరు సీమలో చోళరాజులు కట్టించిన కల్లణై యను ప్రాచీనమైన ఆనకట్ట కలదు. రాతి పునాది లేని యిసుకనదిలో, వందలయేండ్లుగా వరదలకోర్చి అది నిలిచియుండెను. ఇసుకమీద బరువైన కట్ట ఎట్లు నిలుచునో పాఠశాలలో నేర్పని రహస్యమును ఆయన అక్కడ నేర్చెను. నేర్చినది మన పూర్వుల వద్దనే యని ఒప్పుకొనుటకు వెనుదీయలేదు. 1836లో కొళ్ళిడము నదిపై ఎగువను దిగువను రెండు ఆనకట్టలు ఆయన కట్టించెను. దానితో తంజావూరు సీమకు నీటియెద్దడి తీరినది.

ఆ రోజులలోనే మరియొక వింత జరిగినది. 1837లో మదరాసునకు సమీపమున ఎర్రకొండల ప్రాంతము నుండి రోడ్లకు కావలసిన రాయిని తెచ్చుటకై ఇనుపకమ్ముల దారి యొకటి వేయబడెను. దానిపై ఆవిరిబండిని కూడ నడిపి చూచిరి. మన దేశమున మొదటి రైలుదారి యని చరిత్రకారులు దానినే చెప్పుదురు. అది కాటన్ వేయించినదే. తరువాత జీవితమంతయు రైళ్ళతో పోట్లాడిన మనిషి తొలి రైలును వేయించినవాడగుట గమనింపదగినది. ఆయన రైలును ఎరుగక నిందింపలేదు.

ఇక గోదావరి సంగతి. నేడు పచ్చగా కనిపించు ఈ సీమ ఆనాడు రాజమహేంద్రవరము జిల్లా అనబడెడిది. నందన నామ సంవత్సరపు కరువు, అనగా 1832–33 నాటి కరువు, ఈ జిల్లాను, గుంటూరు సీమను పీడించెను. ఆ బాధ తీరక మునుపే 1839 నవంబరులో తుపానుతో సముద్రము పొంగి కోరంగి రేవును ముంచెను. 1821లో ఏడు లక్షలకు మించియున్న జనసంఖ్య 1841 నాటికి ఆరు లక్షలకు లోపడెను. పక్కనే మహానది వంటి గోదావరి పారుచుండగా జనులు తిండిలేక వలసపోయిరి. వరద వచ్చిన యేట పంట మునిగెడిది, రాని యేట ఎండెడిది. వర్షాకాలమున సముద్రములో కలసిపోయెడి నీటిలో చాల కొద్దిభాగము మాత్రమే పొలముల కెక్కెడిది. శిస్తులు పడిపోవుచుండుట చూచి ప్రభుత్వము 1843లో హెన్రీ మాంట్‌గోమరీ యను నతనిని విచారణకు పంపెను. ఆయన, నీటిపారుదల తెలిసిన ఇంజనీరు ఒకడు ఈ జిల్లాను చూడవలెనని సూచించెను. ఆ విధముగ 1844లో కాటన్ ఇక్కడికి వచ్చెను.

ఆనాటికి ఆయన ఆరోగ్యము చెడియుండెను. కొంతకాలము ఆస్ట్రేలియా ప్రాంతములలో గడపి, 1841లో అక్కడ ఎలిజబెత్ లెర్‌మంత్ అను నామెను వివాహమాడి వచ్చెను. విశాఖపట్టణమున సముద్రపు కోతను ఆపుటకు రాతికట్టలు వేయించుచుండగా గోదావరి పని తగిలెను. ఆయన నదిని, గట్లను, లంకలను, పల్లములను తిరిగి చూచి వరుసగా నివేదికలు వ్రాసెను. డెల్టా యొక్క గుణము ఆయనకు త్వరలోనే బోధపడెను. నది తెచ్చిన ఒండ్రు నది గట్లయొద్దనే యెక్కువగా పేరుకొనును. అందుచే గట్టు ఎత్తు, దూరము పోయినకొలది పల్లము. నేల సముద్రము వైపు మైలునకు సుమారు ఒక అడుగు చొప్పున వాలును. కనుక డెల్టా తలకట్టున, నది చీలు చోట, నీటిమట్టమును పండ్రెండు అడుగులు ఎత్తగలిగినచో, అక్కడినుండి కాలువలలో నీరు తనంతట తానే సముద్రము వరకు పొలముల మీదుగ పోవును. ఏతము అక్కరలేదు, గూడ అక్కరలేదు. చెప్పుటకు తేలికయే. కాని ఆ చోట నది లంకలతో కలసి దాదాపు నాలుగు మైళ్ళ వెడల్పు. అడుగున రాయి లేదు, ఇసుక.

1846 డిసెంబరులో అనుమతి వచ్చెను. 1847లో పని ప్రారంభమయ్యెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు పాయలకు నాలుగు కట్టలు. వాని మొత్తము పొడవు సుమారు 12,000 అడుగులు. ధవళేశ్వరము కొండ ప్రక్కనే యుండుట దైవికమని చెప్పవలెను. ఆ కొండరాయిని కొట్టి, కమ్ములదారిపై బండ్లలో నది యొడ్డునకు దింపి, పడవలపై పాయలలోనికి చేర్చిరి. ఇసుకలో నూతులు దింపి వానిపై కట్టడము లేపిరి. ముందు వెనుకలందు విడిరాళ్ళను రాశులుగ పోసిరి. వరదకు ఆ రాళ్ళు దిగబడినకొలది మరల పోసిరి. ఇదియే కల్లణై నేర్పిన పాఠము.

ఇప్పుడు పాఠకులు ఒక్క క్షణము ఆగి ఆలోచింపవలెను. కూలీలు పదివేలమంది దాక ఒక్కచోట చేరిరి. కమ్మరులు, వడ్రంగులు వందలకొలది వచ్చిరి. పారలు, గునపములు, తూములకు తలుపులు, లాకులకు ఇనుపసామగ్రి, పడవలు అన్నియు అక్కడనే తయారు కావలసి వచ్చెను. అందుకై ధవళేశ్వరమున పెద్ద కార్ఖానా వెలసెను. వేళకు పనిలో దిగుట, పని పంచుకొనుట, కొలతకు తగినట్లు ఇనుమును మలచుట మన జిల్లావారు పెద్దయెత్తున నేర్చినది అక్కడనే. మాంచెస్టరులో మిల్లు ఏ పని చేసెనో, మన గోదావరి గట్టున ఆనకట్ట పని అదియే చేసెను. పొగగొట్టము లేదనుటయే భేదము.

ఆ పదివేలమంది పేర్లు ఏ పుస్తకమునను లేవు. ఒక్క వీణెం వీరన్నగారి పేరు మాత్రము నిలిచినది. ఆయన కాటన్‌కు కుడిభుజమై, మనుష్యులను కూర్చి, సామగ్రి సమకూర్చి, పనిని నడిపించెను. ఆయన స్మారకశిల ధవళేశ్వరమున ఆనకట్ట కడనే కలదు. ఆనకట్ట చూడబోవువారు గుర్రముపై నున్న దొర విగ్రహముతోపాటు దానిని కూడ వెదకి చూచి రావలెనని మా మనవి.

కాటన్ పని సుఖముగ సాగినది కాదు. వరదనెలలలో పని నిలిపివేయవలెను. మిగిలిన ఆరేడు మాసములలోనే సర్వమును జరుగవలెను. వడదెబ్బ తగిలి ఆయన మంచము పట్టి, 1848లో మరల ఆస్ట్రేలియాకు పోవలసివచ్చెను. తిరిగి వచ్చు 1850 వరకు కెప్టెన్ ఓర్ అను నతడు పని నడిపెను. మొదటి అంచనా ఐదు లక్షల రూపాయలకు లోపు. పూర్తియగునప్పటికి దాదాపు దానికి మూడింతలయ్యెను. మదరాసు కార్యాలయములనుండి సంజాయిషీలు కోరుచు ఉత్తరములు వచ్చుచుండెను. ఆయన దేనికిని తగ్గక, నీరు పారిన భూమి శిస్తే ఆ సొమ్మును తీర్చునని లెక్కలు చూపుచు వచ్చెను. 1852లో ఆనకట్ట పూర్తియయ్యెను. లెక్క ఆయన చెప్పినట్లే తేలెను.

మన కోనసీమకు సంబంధించినంతవరకు అసలు చిక్కు ఆనకట్టతో తీరలేదు. గౌతమీ వసిష్ఠల మధ్యనున్న మన సీమకు బొబ్బర్లంక కడ తూము నుండి నీరు దిగెను. అమలాపురము వైపునకు, గన్నవరము వైపునకు కాలువలు సాగెను. కాని వైనతేయ పాయ కావల నున్న నగరము దీవి, అనగా నేటి మామిడికుదురు, రాజోలు ప్రాంతములు, నీటికి దూరమై యుండెను. నది నడుమ నుండగా కాలువ ఎట్లు దాటును? కాలువనే నదిమీదుగ నడిపించవలెనని తలచిరి. లెఫ్టినెంటు హెయిగ్ అను యువకుడు ఆ భారము వహించెను. 40 అడుగుల వెడల్పుగల 49 కమానులు ఇటుకతో కట్టి, వానిపై కాలువను దాటించిరి. 1851–52లో అది జరిగెను. క్రింద గోదావరి, పైన కాలువ. ఆ కాలువలో పడవ. ఈ కట్టడము ఒక్క పనికాలములో ముగియుట ఆనాటి ఇంజనీర్లకే అబ్బురము గొలిపెను. దాని ప్రక్కనే తరువాతి కాలమున కట్టిన క్రొత్త వారధికాలువకు, అన్నదానముచే ప్రసిద్ధికెక్కిన లంకలగన్నవరపు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. నీరు పెట్టిన చోట అన్నము పెట్టిన తల్లి పేరు నిలుచుట ఉచితముగనే యున్నది.

ఆనకట్ట వలన డెల్టా ఆర్థికస్థితి మారిన తీరు చెప్పవలెనన్న, నీటితో మొదలిడి పడవతో ముగింపవలెను. మెట్టపంటలు పోయి వరి వచ్చెను. ఒక్క పంట చోట క్రమముగ రెండు పంటలు వచ్చెను. నేడు మూడు డెల్టాలు కలసి సుమారు పది లక్షల యెకరములకు, అందు మన మధ్యడెల్టాలో సుమారు రెండు లక్షల యెకరములకు ఆ నీరు పారుచున్నది. 1876–78లో ధాత కరువు దక్షిణదేశమును ఊపివేయగా, డెల్టా ఆకలికి లొంగక ఇతరులకు ధాన్యము పంపెను. అంతకంటె గొప్పసంగతి కాలువలపై రవాణా. కాటన్ కాలువలను నీటికొరకు మాత్రమే త్రవ్వలేదు. పడవలు ఎక్కి దిగుటకు లాకులు కట్టించెను. కృష్ణపై బెజవాడ ఆనకట్ట కూడ 1855 నాటికి పూర్తికాగా, కాలక్రమమున కాకినాడ నుండి ధవళేశ్వరము, ఏలూరు, బెజవాడల మీదుగ మదరాసు వరకు జలమార్గము ఏర్పడెను. బండిమీద పది మూటలు పోవుచోట పడవమీద వందల మూటలు పోయెను. ధాన్యమునకు, కొబ్బరికి దూరపు గిరాకి వచ్చెను. కాకినాడ రేవు పెరిగెను. అమెరికాలో 1861 నుండి 1865 వరకు అంతర్యుద్ధము జరుగగా, ఆ రేవునుండి ప్రత్తి యెగుమతి హెచ్చెను. గ్రంథాలయాభిమానులకు మరియొక ముచ్చట: 1930లలో కృష్ణా కాలువపై పాతూరి నాగభూషణముగారు పడవలో గ్రంథాలయమును నడిపించిరి. దొర కాలువలపై పుస్తకములు కూడ ప్రయాణించినవి.

అయితే ఈ సంపద ఎటు పోయినదని అడుగవలసియున్నది. కాటన్ జీవితమున పెద్దకోరిక యొకటి ఉండెను. ఎగువ గోదావరిని కూడ పడవలకు అనుకూలము చేసి, బేరారు సీమ ప్రత్తిని కాకినాడకు దింపవలెనని ఆయన పట్టుబట్టెను. లాంకషైరు మిల్లుదారులు దానిని గట్టిగ బలపరచిరి. వారికి కావలసినది చవుకైన ప్రత్తి. దుమ్ముగూడెము కడ ఆనకట్ట కట్టబడెను. ఖర్చు పెరుగుటచే 1871లో ఆ పథకమును విడిచిరి. మన ముడిసరకు చవుకగా రేవు చేరవలెననియే ఆ పథకపు ఉద్దేశము. ఇక్కడ మిల్లు పెట్టవలెనను మాట అందు లేదు. మన నేతగాని మగ్గమును పడగొట్టిన మాంచెస్టరే ఇప్పుడు మన కాలువను కోరెను. ఆయన మన ఆకలిని నిజముగ చూచిన మనిషి. దానిని తీర్చుటకు ఆరోగ్యమును ధారపోసెను. కాని ఆయనకు తోచిన మార్గము, ఇంగ్లండు వస్తువులు చేయుచుండగా మన దేశము ధాన్యము, ప్రత్తి పండించుచు సుభిక్షముగ నుండుట. అది సగము మార్గము. మిగిలిన సగమును ఆ దొరతనము వేయలేదు. మనము కూడ ఆలస్యముగనే మొదలుపెట్టితిమి. ధాన్యము మరలు, కొబ్బరిపీచు పనులు వచ్చినవి. అంబాజీపేట కొబ్బరి బేరము పేరుపొందినది. అయినను పంటకు వెల కట్టువారు బయటివారుగనే యుండిరి. 2011లో కోనసీమ రైతులు గిట్టుబాటు లేదని, మురుగుకాలువలు పూడినవని, వేల యెకరములలో సార్వా నాటక పంటవిరామము ప్రకటించిరి. నీరున్న నేలను బీడు పెట్టుకొనిన ఆ సంఘటనను కాటన్ చూచినచో ఏ లెక్క వేసియుండునో!

1860లో ఆయన మన దేశమునుండి విరమించి వెళ్ళెను. 1861లో సర్ బిరుదము వచ్చెను. అటుతరువాత ఆయన జీవితమంతయు ఒక్క వాదముతో నిండెను. ప్రభుత్వము రైళ్ళపై కోట్లు కుమ్మరించి కాలువలకు చిల్లర విదిలించుచున్నదని, రైలు సరకును మోయునేగాని ధాన్యమును పండింపలేదని, కాలువ రెండు పనులును చేయుననియు, పడవకూలి రైలుకూలిలో కొద్దిపాలు మాత్రమే యనియు పుస్తకములలో, సభలలో ఎడతెగక చెప్పెను. 1878లో పార్లమెంటు నియమించిన సంఘము ఎదుట, 75 ఏండ్ల వయసున నిలిచి సాక్ష్యమిచ్చెను. ఆయన పక్షము గెలువలేదు. ఆయన లెక్కలలో అతిశయము ఉండెనని విమర్శకులు చూపిరి; ఎండనెలలలో కాలువలు కట్టివేయవలసివచ్చుట, మెట్టసీమలో పెద్దకాలువలు గిట్టకపోవుట నిజమే. కర్నూలు–కడప కాలువ కంపెనీ నష్టపోవుట ఆయన పక్షమునకు దెబ్బయైనది. అయినను కరువునాట రైలు ధాన్యమును తెచ్చుటతోపాటు కొనుబలము గల చోటికి తరలించుకొని పోవుటయు గలదని ఆనాటి అనుభవమే చూపెను.

తుదిదినములలో ఆయన ఇంగ్లండులోని డార్కింగు పట్టణమున నివసించుచు, ఇంటితోటలో నేలను లోతుగ త్రవ్వి గోధుమ పండించు ప్రయోగములు చేయుచుండెను. 1899 జూలై 24వ తేదీన, 96 ఏండ్ల వయసున అక్కడనే మరణించెను. మరుసటి సంవత్సరము కుమార్తె ఆయన జీవితచరిత్రను ప్రచురించెను. ఆయన కట్టించిన ఆనకట్ట నూటయిరువది యేండ్లకు మించి పనిచేసెను. దాని స్థానమున నిర్మింపబడి 1982లో పూర్తియైన బరాజునకు ఆయన పేరే పెట్టబడెను.

కుమార్తె పుస్తకము వెలువడిన 1900 సంవత్సరమునందే, ఆగస్టు నెలలో, రాజమహేంద్రవరము కడ గోదావరిపై రైలువంతెన తెరువబడెను. మదరాసు పోవు సరకు కాలువను విడిచి రైలెక్కజొచ్చెను. లాకుల కడ పడవలవారు వంట వండుకొనుచు వేచియుండుట తగ్గెను. కాకినాడ నుండి కోటిపల్లి వరకు వేసిన చిన్న రైలుదారిని కూడ రెండవ ప్రపంచయుద్ధకాలమున ఎత్తివేసిరి. మరల 2004లో గాని వేయలేదు. అందుచే గౌతమికి ఈవల నున్న మన కోనసీమలో మాత్రము, బస్సులకు, లారీలకు తగిన రోడ్లు, వంతెనలు వచ్చునంతవరకు, అమలాపురపు ధాన్యము, రాజోలు కొబ్బరికాయలు దొర త్రవ్వించిన కాలువలమీదనే పడవలలో సాగినవి.